సరిపోలలేదు

నెల మొదటి వారం
కాశిబుగ్గ రేషన్ దుకాణంల
నా పనేందంటే
మనుషుల వేళ్ళు పట్టుకొనుడు.

మొఖం చూడకుంటనే చెప్తా ఏ వేలు ఎవరిదో.
మగ్గం ఇడిసిపెట్టి
ఏటీఎం కాడ కాపలా కూసున్న వేలు,
మైదాకు ఇంకా ఆరని వేలు,
గ్రూప్ పరీక్షలు రాసి రాసి
కాయగాసిన వేలు.
పెట్టంగనే పచ్చలైటు.
మిషన్ల ఉన్న ఆడామె
ప్రతి ఒక్కరికీ ఒక్కతీరుగ ధన్యవాదాలు చెప్తది.

ఓదెమ్మకు మాత్రం చెప్పదు.

ముప్పై ఏండ్లు ఎనుమాముల మార్కెట్ల
మిర్చి తొడిమెలు తీసిన వేళ్ళు.
గీతలన్నీ ఆ ఘాటులనే కరిగిపోయినయ్.
కొంగుకు తుడ్సుకున్నది.
నిమ్మచెక్క రుద్దుకున్నది.
నేను కొబ్బరినూనె సీసా ఇచ్చిన.
పది వేళ్ళు, పదిసార్లు,
సరిపోలలేదు.
కన్ను పెట్టుమన్న.
మోతిబిందు కన్ను. అదీ
సరిపోలలేదు.

ఎన్కనుంచి పోరగాండ్ల గుసగుస:
‘గీమెనే గదరా, కాంట ముసలమ్మ!’

పోయిన ఎండకాలం ముచ్చట.
తరుగు పేరు చెప్పి
బస్తాకు రెండు కిలోలు గుంజుతున్న గుమాస్తను
ఓదెమ్మ తిట్టంగ
తొడిమెల కాడి రవళి ఫోన్ల పట్టింది.
యాభై రెండు సెకండ్లు.
ఏడు లక్షల మంది చూసిన్రు.
ఎవడో ఆ తిట్టు కింద డప్పు దెబ్బ కలిపిండు.
ఎవడో నల్లద్దాలు పెట్టిండు.
ఎవరో ఆమెను తెల్లగ జేసిన్రు,
జేసుడుల నొసటి పచ్చబొట్టు మాయమైంది.
ఇప్పుడు హన్మకొండ బరాతుల్ల
పాటకు పాటకు నడుమ
ఆమె తిట్టు మోగుతది.
గుమాస్త మాత్రం ఆ కాంట కాడనే ఉన్నడు.

‘నా నోరు నా ఇంట్ల ఉంటలేదు బిడ్డా,
ఊళ్ళు వట్టి తిరుగుతాంది’ అంటది.
ఆమె చేతిల ఉన్నది బటన్ల ఫోను.
ఆమెను ఆమె ఒక్కపారే చూసుకున్నదట,
రవళి ఫోన్ల,
అదీ ఎండల, సగమే కనవడ్డదట.

నా ఫోనైతే నా మొఖం చూస్తేనే తెరుసుకుంటది.
పొద్దంత దాని మొఖమే చూస్త గదా,
గుర్తువట్టకేం జేస్తది?

‘గా ఏడు లచ్చల మందిల
ఒక్కడన్న వచ్చి సాచ్చెం చెప్పడా,
ఇది ఓదెమ్మనే అని?’
మిషను దిక్కు చూసే అడిగింది, నన్ను గాదు.

ఆఖరుకు మిగిలింది ఓటీపీ.
అది పోయేది సాంబయ్య నంబరుకు.
సాంబయ్య పోయి నాలుగేండ్లు.
రీచార్జి లేక ఆ నంబరు
ఇంకెవరికో పోయింది.
చేసి చూసిన.
మెట్‌పల్లిల ఎవడో ఎత్తిండు.
‘అన్నా, నీకొక నంబరు వచ్చింటది జర చెప్తవా’
అన్ననో లేదో అందుకున్నడు,
‘ఎంతమందిని ముంచినవ్‌రా ఇట్ల?’
తప్పు వానిది గాదు.
దొంగను కాదనెటందుకు
నా గొంతుల ఏం గుర్తున్నదని?

ఓదెమ్మ ఫోను గుంజుకున్నది.
‘ఓరి సంటోడా!
నా ఆరు కిలోల బియ్యం
నీ సెవుల ఇరికినయా? కక్కు!’

అవతల సప్పుడు లేదు.
తర్వాత నవ్వు.
‘అవ్వా, కాంట కాడ తిట్టినవ్ సూడు,
గా అవ్వవా నువ్వు?’
‘కాకపోతే నీ మ్యానత్తనా?’

ఆరు అంకెలు చెప్పిండు,
ఒక్కొక్కటి, ఆగి ఆగి,
మెట్లు దిగే మనిషికి
చెయ్యందిచ్చినట్టు.

పచ్చలైటు.
చీటి వచ్చింది. పేరు ఓడెమ్మ అని అచ్చయింది.
‘ఒక్క సెల్ఫీ అవ్వా’ అని పోరగాండ్లు ముందుకొచ్చిన్రు.
చేతితోని కోళ్ళను అదిలిచ్చినట్టు అదిలిచ్చి
కాంట ముందట నిలవడ్డది.
సంచి మూతి పట్టుకొని
అంకెలు కనవడకున్నా అంకెల దిక్కే చూసుకుంట
మెల్లగ, నాకొక్కనికే ఇనవడేటట్టు అన్నది:

‘ఎవ్వడు తీస్తలేడు గదాని...
సక్కగ జోకు కొడుకా.’

నా బొటనవేలు
అప్పటికే కాంట అంచున ఉన్నది.